లోపర్ నాంచారయ్య

నాంచారయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. కారణం ఒక్క మాట. అదీ మన మాట కాదు, సముద్రాలవతల పుట్టిన మాట.

వలందావాళ్ళు, అంటే డచ్చి దొరలు, బందరులో వర్తకపు కోఠీ కట్టుకుని, మన నేతగాళ్ళ బట్టలు ఓడలకెత్తుకుపోతున్న రోజులవి. బందరు కోఠీకీ పాలకొల్లు కోఠీకీ మధ్య కబుర్లు మోయడానికి అంచెవాళ్ళుండేవారు. ఒకడు కొంతదూరం పరిగెత్తి పోతే, అక్కడ కాచుకుని ఉన్న ఇంకొకడు కబురందుకుని మరికొంత దూరం పరిగెత్తేవాడు. ప్రతివాడి చేతిలోనూ ఒక వెదురుకర్ర, కర్ర కొసన గజ్జెల గుత్తి. గజ్జెలు మోగితే దారిలో పాములు తప్పుకుంటాయి, ముందున్న అంచెవాడు తలగుడ్డ బిగించుకుని లేచి నిలబడతాడు. దారిపొడుగునా ఊళ్ళవాళ్ళ కబుర్లు కూడా వీళ్ళే చేరవేసేవారు. పెళ్ళి కబురు, పురుడు కబురు, ఓడ రేవుకొచ్చిన కబురు, అన్నీ నోటిమాటగానే.

బందరు నుంచి బంటుమిల్లి దాకా నాంచారయ్య అంచె. వాడు పరిగెడుతుంటే కాళ్ళు భూమికి ఆనుతున్నాయా లేదా అని జనం నిలబడి చూసేవారు. ఆ సంగతి జనం కంటే వాడికే ఎక్కువ తెలుసు.

అంచెవాళ్ళందరికీ పెద్ద కోటిలింగం. వాళ్ళ నోట పెద్దంచె. ఉప్పు తేలిన బీడునేలను అక్కడ పర్ర అంటారు; ఆ ఉప్పుపర్ర అంచున, మెరక మీద ఆయన ఇల్లు. వయసులో ఉన్నప్పుడు ఉప్పుటేటి పాయను చుట్టూ తిరిగిపోకుండా ఒక్క గెంతులో దాటేవాడని చెప్పుకునేవారు. ఆ గెంతుల్లో ఒకటి మోకాలిని మిగలనివ్వలేదు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని తాళ్ళు పేనుకుంటూ, వచ్చేపోయే గజ్జెలు వింటూ ఉంటాడు. గజ్జెల చప్పుడును బట్టి వచ్చేది ఎవరో, ఆకలితో ఉన్నాడో తిని ఉన్నాడో కూడా చెప్పగలడు.

ఆయన తమ్ముడు అంకయ్య పాలకొల్లు చివర పెద్దంచె. దారికి ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు. అన్నదమ్ములు కళ్ళతో చూసుకుని ఏళ్ళయింది. అయినా కబురు లేని రోజు లేదు. "మావాడు ఇంకా బతికే ఉన్నాడా అని అడిగానని చెప్పు" అని కోటిలింగం ఇక్కణ్ణించి పంపేవాడు. "నిన్ను సాగనంపి గానీ కదలనన్నానని చెప్పు" అని అక్కణ్ణించి జవాబొచ్చేది. కుర్రతనంలో ఇద్దరూ పందేలు వేసుకుని పరిగెత్తేవారట. అంకయ్య ఒక్కసారైనా అన్నకంటే ముందు చేరలేదు. ఆ ఉక్రోషం ముసలితనంలోనూ చావలేదని అంచెవాళ్ళు నవ్వుకునేవారు.

పెద్దంచె కర్ర ఇంకెన్నాళ్ళో కోటిలింగం చేతిలో ఉండదు. వానలు వెళ్ళేలోగా ఎవరో ఒకరికి ఇచ్చేస్తానని ఆయనే అన్నాడు. అది తనదేనని నాంచారయ్య నమ్మకం. తనంత వేగం ఇంకెవడికుంది?

అలాంటివాడికి ఆ మాట తగిలింది.

* * *

పొద్దున కోఠీ గుమ్మం దగ్గర దుబాసీ శేషప్ప వాణ్ణి ఆపాడు. శేషప్పకు రెండు భాషలొచ్చు, రెంటిలోనూ ఎగతాళి చేయడమూ వచ్చు.

"ఏరా నాంచారీ, దొరలు నిన్ను లోపర్, లోపర్ అని పిలుస్తారు గదా. అంటే ఏంటో తెలుసా?"

"పరిగెత్తేవాడని."

"నీ మొహం! లోపెన్ అంటే నడవడం. లోపర్ అంటే నడిచేవాడు. మా అత్తగారు కూడా నడుస్తుంది, ఆవిడా లోపరే."

బట్టల మూటలు మోస్తున్న కూలీలు ఘొల్లుమన్నారు. నాంచారయ్యకు తల కొట్టేసినట్టయింది.

వాడి మొహం చూసి జాలేసిందో ఏమో, ఫిరంగి దగ్గరుండే యాన్ అనే సిపాయి అడ్డం వచ్చాడు. అతనిది గెంట్ అనే ఊరు. "ఎవరన్నారు? మా ఊళ్ళో లోపెన్ అంటే పరిగెత్తడమే. నడవడానికి మాకు వేరే మాటుంది" అని, నమ్మకం కలగాలని కోఠీ ఆవరణ చుట్టూ "లోపెన్! లోపెన్!" అని కేకలు పెడుతూ పరిగెత్తి చూపించాడు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన గుమాస్తాకు ఇది నచ్చలేదు. మీ ఊళ్ళో మాటలు ఏనాడు సరిగ్గా ఏడిశాయి గనక అన్నాడు. అని, చేతులు వెనక్కి కట్టుకుని, "లోపెన్, లోపెన్" అని మెల్లగా అంటూ ఆవరణలో అటూ ఇటూ నడిచాడు. ఒకడు పరుగు, ఒకడు నడక, ఇద్దరి నోటా అదే మాట. కూలీలు మూటలు దించి తీరుబడిగా చూశారు.

ముసలి వైద్యుడు గది లోంచి వచ్చి ఇద్దర్నీ ఆపాడు. ఆయన చెప్పింది శేషప్ప తెలుగు చేశాడు. మీ ఇద్దరిదీ తప్పు కాదు, ఊరూ ఊరూ తేడా అన్నాడట. అసలు తాతల తాతల కాలంలో ఆ మాటకు గెంతడమని అర్థమట. దాని జ్ఞాతి ఒకటి, లీప్ అని, ఇంగ్లీషువాళ్ళ నోట ఇప్పటికీ గెంతుతూనే ఉందట. వాళ్ళ నోట గెంతేది గెంతుగానే ఉండిపోతే, గెంట్‌లో అది పరుగైంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో నడకైంది. ఓడ సాగినా అదే మాట, నీళ్ళు పారినా అదే, గడియారం తిరిగినా అదే.

"ముక్కు కారినా అదేనంటరా" అని శేషప్ప చివర్న తగిలించాడు.

మళ్ళీ ఘొల్లు.

నాంచారయ్య అక్కణ్ణించి సరాసరి పెద్దంచె ఇంటికొచ్చాడు. అన్నం ముట్టకుండా వచ్చాడు.

* * *

"వాళ్ళు నన్ను నడిచేవాడంటున్నారు పెద్దయ్యా."

కోటిలింగం తాడు పేనడం ఆపలేదు. వాడు చెప్పిందంతా విన్నాడు. ముక్కు కారే మాట దగ్గరికొచ్చేసరికి మీసాల్లో నవ్వాడు.

"మరి నువ్వేమంటావు?"

"నేను పరిగెత్తేవాణ్ణి. ఆ మాట మార్పించండి. మీరు చెబితే కోఠీలో వింటారు."

"మొన్న... కాదు, నిన్న. నిన్న పెడన పోయొచ్చావు గదూ?"

నాంచారయ్య మొహం వెలిగింది. "పోయొచ్చా. పొద్దు నడినెత్తికి రాకముందే చేరిపోయా. అంత జోరుగా ఎప్పుడూ పోలేదు."

"ఏం కబురు?"

"చెల్లాయమ్మని, నేతవాళ్ళ ముసలామె. ఆమె కొడుకు సోమన్న ఓడలో కళాసీగా పోయాడు గదా, సముద్రం అవతల బతావి రేవులో జ్వరమొచ్చి పోయాడంట. వాళ్ళ కళాసీల పెద్ద, సారంగు, మన రేవులో దిగి నాకు చెప్పాడు."

"ఏమని చెప్పావు ఆమెకు?"

"అదే చెప్పా. నీ కొడుకు పోయాడంట అని."

"తర్వాత?"

"తర్వాతేముంది, వచ్చేశా."

కోటిలింగం చేతుల్లో తాడు ఆగింది.

చావు కబురైతే బయల్దేరేప్పుడే గజ్జెలకు గుడ్డ చుట్టాలి. ఊరి పొలిమేర దాకా ఎంతైనా పరిగెత్తొచ్చు, పొలిమేర దగ్గర్నుంచి మాత్రం నడవాలి. అంచెవాళ్ళలో ఇది తెలియనివాడు లేడు. నాంచారయ్యకూ తెలుసు. కాళ్ళలో సత్తువ లేని ముసలాళ్ళు కాస్త ఊపిరి తీసుకోడానికి పెట్టుకున్న ఆనవాయితీ అని వాడి ఉద్దేశం. గుడ్డ చుట్టడానికి ఆగితే పరుగు పాడవుతుందనుకున్నాడు. పెద్దంచె అడగలేదు గనక తనూ చెప్పలేదు.

"నిన్న నీ గజ్జెలు విన్నాను" అన్నాడు కోటిలింగం. "పర్ర దాటేదాకా మోగుతూనే ఉన్నాయి."

నాంచారయ్య చేతిలోని కర్రను వెనక్కి పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే రా. పెడన పోదాం."

వాడికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పెద్దంచె ఇల్లు కదిలి ఎన్నాళ్ళయింది! దారిలో ఊళ్ళవాళ్ళకు తనను చూపించి, రేపటి పెద్దంచె వీడేనని చెప్పడానికే అయ్యుంటుంది. ఆ మధ్యాహ్నం నాంచారయ్య రెండు పూటల అన్నం కలిపి తిన్నాడు.

* * *

మర్నాడు కోటిలింగం తన కర్ర పట్టుకుని గుమ్మం దిగాడు. గజ్జెల గుత్తికి పాత పంచె గుడ్డ గట్టిగా చుట్టి ఉంది.

"ఇదేంటి పెద్దయ్యా?"

"నడువు. దారిలో చెప్తా."

దారిలో ఆయనేమీ చెప్పలేదు. ఒక అడుగు వేసి, కుంటి కాలు లాక్కుని, ఇంకో అడుగు వేసేవాడు. నాంచారయ్యకు అలా నడవడం చేతకాలేదు. ముందుకు పోయేవాడు, ఆగేవాడు, వెనక్కి వచ్చేవాడు. ఈ లెక్కన పెడన చేరేసరికి నా జుట్టు కూడా నెరుస్తుందని లోపల గొణుక్కున్నాడు.

"ఆ వైద్యుడు చెప్పింది మళ్ళీ చెప్పు. మొదట్లో ఏంటన్నాడు?"

"గెంతడమంట."

"ఆ తర్వాత?"

"పరిగెత్తడం."

"ఇప్పుడేమో నడవడం." కోటిలింగం తన మోకాలివైపు చూసుకుని పకపకా నవ్వాడు. "అయితే ఆ మాటకూ వయసొచ్చిందిరా."

నాంచారయ్యకు నవ్వు రాలేదు. వాడికి అది తనమీద వేసిన ఎకసెక్కంలాగే వినిపించింది.

ఉప్పుమళ్ళ దగ్గర పనివాళ్ళు వాళ్ళను దూరం నుంచే చూశారు. ఎప్పుడూ నాంచారయ్య పరిగెడుతూ పోతుంటే చేతులెత్తి కేకలేసేవాళ్ళు వాళ్ళు. ఇవాళ కేకల్లేవు. కర్ర కొసన గుడ్డ చూసి, పారలు కింద పెట్టి, తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ఎవరికని అడగలేదు.

ఆ తర్వాత ఒక చిన్న పల్లె. రోజూ దాని మధ్యలోంచే నాంచారయ్య దూసుకుపోతాడు. అందులో ఎన్ని గుమ్మాలున్నాయో, గుమ్మాల్లో ఎవరుంటారో వాడెన్నడూ చూడలేదు. ఇవాళ చూశాడు. ఒక ఆడమనిషి బియ్యం చెరుగుతున్న చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళు తన గుమ్మం దాటేదాకా ఊపిరి బిగబట్టింది. దాటగానే, ముందు ఆమె భుజాలు దిగాయి, తర్వాత పక్కింటి గుమ్మంవైపు భయంగా చూసింది. పక్కింట్లో ఇంకొకామె పసిపిల్లను చంకకెత్తుకుని గట్టిగా అదుముకుంది. పల్లె దాటేవరకూ ప్రతి గుమ్మంలోనూ అదే.

"వీళ్ళు మనల్ని చూసి భయపడుతున్నారు పెద్దయ్యా" అన్నాడు నాంచారయ్య, గొంతు తగ్గించి.

"ఊఁ."

"ఇక్కడ ఎవరికీ ఏం కాలేదని చెప్పనా?"

"దాటిపోతున్నాంగా. అదే చెప్పడం."

అప్పట్నుంచి నాంచారయ్య ముందుకు పోలేదు. ఆయన పక్కనే, ఆయన అడుగుకు అడుగు వేస్తూ నడిచాడు. పెడనలో ఎవరింటికి తీసుకుపోతున్నాడో వాడికి అర్థమవసాగింది.

పెడన పొలిమేర రాయి దగ్గర కోటిలింగం కూలబడ్డాడు. మోకాలు వాచి ఉంది. కర్ర వాడి చేతికిచ్చాడు.

"ఇక్కణ్ణించి నువ్వొక్కడివే."

నాంచారయ్య ఎన్నాళ్ళుగానో కోరుకున్న కర్ర అది. చేతికొచ్చింది. పారేసి పారిపోదామనిపించింది.

"కబురు మొన్ననే చెప్పేశాను గదా పెద్దయ్యా."

"మొన్న చెప్పావు. ఇవాళ తీసుకెళ్ళు."

* * *

నేతవాళ్ళ వీధి పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. ఇంటింటా మగ్గం చప్పుడు. నాంచారయ్య వీధిలో అడుగుపెట్టాడు. మొదటి ఇంట్లో మగ్గం ఆగింది. వాడు నడుస్తున్న కొద్దీ రెండో ఇంట్లో, ఆ తర్వాతి ఇంట్లో ఒక్కో మగ్గం ఆగుతూ వచ్చింది. వాడి అడుగుల చప్పుడు వాడికే వినిపించింది. అంతకు ముందెప్పుడూ అది విన్న గుర్తు లేదు.

చివరి ఇంటి అరుగు మీద చెల్లాయమ్మ కూర్చుని ఉంది. పక్కన రాట్నం. నూలు సగం చుట్టిన కండె దానికలాగే ఉంది.

వీధి ఆ కొస నుంచే ఆమె వాణ్ణి చూసింది. వాడూ ఆమెను చూశాడు. పరిగెత్తేవాడికి ఎదుటి మనిషి మొహం ఒక్క క్షణమే కనిపిస్తుంది. నడిచేవాడు ఆ మొహాన్ని వీధి పొడుగునా మోయాలి. వాడికి ముందుకు ఉరకాలనిపించింది, వెనక్కి ఉరకాలనిపించింది. రెండూ చేయకుండా నడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఎంత దూరం పరిగెత్తినా పట్టని చెమట ఆ కాస్త దూరంలో పట్టింది.

సగం వీధి నడిచేసరికి చెల్లాయమ్మ లేచింది. పైట సర్దుకుంది. లోపలికి వెళ్ళి నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టుకుని, మళ్ళీ సరిగ్గా కూర్చుంది.

"మొన్న వచ్చింది నువ్వే గదా నాయనా?"

"నేనేనమ్మా."

"మొన్న నువ్వు చెప్పింది నాకు వినపళ్ళేదయ్యా. అంటే, చెవిన పడింది. గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ వస్తుంటే మావాడి ఓడ రేవుకొచ్చిందనుకున్నా. మావాడే వెనకాల వస్తున్నాడనుకున్నా. ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తున్నా. పోస్తుండగానే నువ్వు ఏదో అన్నావు. బయటికొచ్చి చూస్తే వీధిలో ఎవరూ లేరు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాంచారయ్యకు అనిపించింది.

"మళ్ళీ చెప్పు నాయనా. వింటాను."

వాడు అరుగు కింద నేలమీద కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు. సారంగు తనకు చెప్పిందంతా గుర్తు చేసుకున్నాడు. సారంగు చాలా చెప్పాడు. అంతా మోస్తే పరుగు ఆలస్యమవుతుందని వాడు అందులో ఒక్క ముక్క పట్టుకుని మిగిలింది రేవులోనే వదిలేశాడు. ఇప్పుడు ఒక్కొక్కటే ఏరుకుని చెప్పాడు.

"సోమన్నకు జ్వరం వచ్చిందమ్మా. వాణ్ణి ఓడలో వదిలేయలేదు, ఒడ్డున ఒక ఇంట్లో పడుకోబెట్టారు. సారంగు, ఇంకో ఇద్దరు మనవాళ్ళు వంతులేసుకుని దగ్గరున్నారు. నీళ్ళు పట్టారు. చివర్న మగత కమ్మింది. మగతలో, అమ్మ రాట్నం తిప్పుతోందా అని అడిగాడంట. సారంగు తిప్పుతోందిరా అన్నాడంట. అయితే పడుకుంటా అన్నాడంట."

చెల్లాయమ్మ రాట్నం మీద చెయ్యి పెట్టింది. తిప్పలేదు. కన్నీళ్ళు చెంపల మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు.

"ఆఖరి పనులెవరు చేశారు?"

"మనవాళ్ళే అమ్మా. సారంగే తలకొరివి పెట్టాడు."

"అతను చల్లగా ఉండాలి" అంది. కాసేపటికి నీళ్ళ చెంబు అందుకుంది. "కాళ్ళిటు పెట్టు నాయనా. కబురు తెచ్చినవాడి కాళ్ళకు నీళ్ళివ్వాలి. మొన్న ఇవ్వలేకపోయా, ఏమీ అనుకోకు."

నాంచారయ్య అప్పుడు ఏడ్చాడు. పెద్దంచె కావలసినవాడు, పదిమందిలో ఎప్పుడూ తల దించనివాడు, ముక్కు కారుతున్నా తుడుచుకోవడం తెలియకుండా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె నీళ్ళు పోస్తూనే ఉంది.

పొలిమేర దగ్గర కోటిలింగం అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చొచ్చావా?"

"ఇచ్చొచ్చాను."

ఆయన చెయ్యి చాపాడు. నాంచారయ్య కర్ర తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు వాడికి ఏ ఆశా లేదు. పెడనలో బండివాడొకడు ఎక్కించుకుంటే ఇద్దరూ బందరు చేరారు.

* * *

ఆ తర్వాత శేషప్ప ఎన్నిసార్లు లోపర్ అని వెక్కిరించినా నాంచారయ్య "ఆఁ, ఏం కావాలి దుబాసీగారూ?" అని పలికేవాడు. ఉడుక్కోనివాణ్ణి వెక్కిరించడంలో రుచి ఏముంటుంది? శేషప్ప మానేశాడు.

వానలు పట్టాయి. కోటిలింగం కర్ర ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఎప్పటిలా అరుగు మీద తాళ్ళు పేనుతూ, బయల్దేరే వాడిని ఆపి, "మావాడు ఇంకా బతికే ఉన్నాడా అని అడిగానని చెప్పు" అంటూనే ఉన్నాడు.

ఒక రోజు ముసురు కాస్త తెరిపిచ్చింది. నాంచారయ్య బంటుమిల్లి అంచెలో కూర్చుని పాలకొల్లు వైపు నుంచి వచ్చే గజ్జెల కోసం చెవి పెట్టి ఉన్నాడు. గజ్జెలు వినపళ్ళేదు. మనిషి వచ్చాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. కర్ర కొసన గుడ్డ ఉంది.

ఊళ్ళవాళ్ళ చావు కబురుకు చివరి అంచెవాడే గుడ్డ చుడతాడు. అంచె నుంచి అంచెకు గుడ్డ చుట్టుకుని వచ్చిందంటే అది అంచెవాళ్ళ ఇంటి కబురు. ఎవరిదో నాంచారయ్య అడగనక్కర్లేకపోయింది.

వాడు కూర్చుని, అంతా విన్నాడు. విన్నది ఒకసారి తిరిగి అప్పజెప్పాడు, ఒక్క మాట జారిపోకుండా. తర్వాత తలగుడ్డ విప్పి గజ్జెలకు చుట్టి బయల్దేరాడు.

దారిలో పరిగెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా పరిగెత్తలేదు. ఇంకెవరి నోటా ముందు పెద్దయ్య చెవిన పడకూడదని పరిగెత్తాడు. పెడన వీధిలో చెల్లాయమ్మ రాట్నం తిరుగుతోంది. పెడన దాటాడు, పల్లె దాటాడు, ఉప్పుమళ్ళు దాటాడు. పర్ర మొదట్లో ఆగాడు. ఊపిరి నిలదొక్కుకున్నాడు. అక్కణ్ణించి నడవడం మొదలుపెట్టాడు.

పర్ర మీద చెట్టూ చేమా ఉండవు. వానకు తడిసిన ఉప్పునేల, పైన మబ్బు, అంతే. మెరక మీద ఇల్లు కనిపిస్తూనే ఉంటుంది, ఎంతకూ రాదు. అరుగు మీద తాడు పేనుతున్న మనిషి చిన్నగా కనిపించాడు.

చేతులు ఆగడం నాంచారయ్యకు తెలిసింది.

కోటిలింగం లేచి నిలబడ్డాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాడు. కాసేపటికి చెయ్యి దించాడు. లోపలికి వెళ్ళాడు. నాంచారయ్య అడుగు మార్చకుండా నడిచాడు. ఆయన మళ్ళీ బయటికి వచ్చి, చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

వాడు అరుగు దగ్గరికొచ్చి నిలబడేసరికి ఆయన కళ్ళు వాడి మొహం మీదే ఉన్నాయి. కోటిలింగానికి ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. అయినా ఆయన అన్నాడు:

"చెప్పు."

నాంచారయ్య నేలమీద కూర్చున్నాడు.

"అంకయ్య బాబాయి నిన్న తెల్లారాక పోయాడు పెద్దయ్యా. మొన్న రాత్రి భోజనం బాగానే చేశాడంట. పొద్దున లేచి, గుండెలో పట్టేసినట్టుందన్నాడంట. కూతురు దగ్గరే ఉంది. వాళ్ళ అంచెవాళ్ళందరూ వచ్చారు. మీ కబురు అంతకుముందే చేరింది. ఇంకా బతికే ఉన్నావా అని మీరడిగారని చెప్పారంట. నవ్వాడంట."

"జవాబు చెప్పాడా?"

"చెప్పాడు."

ఈ మాటను ఎక్కడా ఒలకబోయకుండా ఇంత దూరం తెచ్చాడు.

"ఈ ఒక్కసారికి అన్నకంటే ముందు చేరానని చెప్పండిరా, అన్నాడంట."

కోటిలింగం నోరు నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఆయన దాన్ని ఆపుకోలేదు. భుజాలు కదిలిపోతుంటే, అరుగు అంచు పట్టుకుని, తమ్ముడి పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. నాంచారయ్య కదల్లేదు. లేచి పోలేదు, ఓదార్చలేదు. కబురు తెచ్చినవాడు కూర్చోవలసిన చోట కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పక్కన గోడకు ఆనించి ఉన్న తన కర్ర తీసి వాడి ఒళ్ళో పెట్టాడు. వాడి కర్ర తను తీసుకున్నాడు. దాని కొసన తడిసిన తలగుడ్డ అలాగే ఉంది. ఆ తర్వాత చెంబు అందుకున్నాడు.

"కాళ్ళిటు పెట్టు."

నాంచారయ్య గభాలున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు పెద్దయ్యా. మీరు నా కాళ్ళకు..."

"పెట్టరా."

పెట్టాడు. పర్ర బురద, ఉప్పు, నీళ్ళతోపాటు జారిపోతున్నాయి. కోటిలింగం వంగి, రెండు పాదాలూ కడిగాడు.

"వలందావాళ్ళు నిన్నేమని పిలుస్తారన్నావు?"

నాంచారయ్య కడిగిన తన పాదాలవైపు చూసుకున్నాడు.

"లోపర్ అంటారు పెద్దయ్యా."

"సరిగ్గానే పిలిచార్రా."